బండ మీద గారెలు

నేను ఒక బండను. పలకరాతి బండను. నల్లగా, నునుపుగా, మనిషి పడుకుంటే పాదాలు మాత్రం బయటికి వచ్చేంత పొడవుంటాను. వేల్స్ కొండల్లో, వాన కురవడం, వాన కురవబోవడం తప్ప వేరే వాతావరణం లేని ఒక లోయలో, హెండ్రె అనే పాత రైతు ఇంటి పెరట్లో నా కాపురం. తెలుగువాళ్లు తెలివి తక్కువవాళ్లని 'బండ' అని తిడతారని ఈమధ్యే తెలిసింది. కోపమేమీ రాలేదు. ఇన్నేళ్లుగా మనుషుల్ని దగ్గరగా చూస్తున్నాను కాబట్టి, ఆ పోలిక వల్ల ఎవరి పరువు పోతుందో నాకు తెలుసు.

రాతికి తెలుగు ఎలా వచ్చిందని మీరు అడుగుతారు. మొదట వెల్ష్ విన్నాను, తర్వాత ఇంగ్లీషు విన్నాను. ఆ రెండూ ఒంటబట్టడానికి తరాలు పట్టింది, ఎందుకంటే ఇక్కడి జనం పెదవులు కదిపితే అరిగిపోతాయన్నట్టు మాట్లాడతారు. తెలుగు మాత్రం ఒక్క పూటలో వచ్చేసింది. ఆ కుటుంబం కారు దిగిన దగ్గర్నుంచి నలుగురూ ఒకేసారి, గొంతు పెంచి, చెప్పిందే మళ్లీ చెప్పుకుంటూ మాట్లాడారు. అలా చెబితే ఎవరికైనా అర్థమై తీరుతుంది.

వాళ్ల సంగతికి వచ్చే ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నన్ను కొండ కడుపులోంచి మందుగుండు పెట్టి పేల్చి తీశారు. మనుషులతో నా పరిచయం ఆ మర్యాదతో మొదలైంది. ఉలి పెట్టి నన్ను చీల్చినవాడు మాత్రం పనిమంతుడు. నా పొర ఎటు నడుస్తుందో చేత్తో తడిమి చూసుకుని, ఒక్క దెబ్బ కూడా దండగ చెయ్యకుండా చీల్చాడు. పగలంతా దగ్గుతూనే ఉండేవాడు. నా ధూళే అతని ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నా తోబుట్టువులు పలచగా చీలి ఎక్కడెక్కడి ఊళ్లకో ఇంటికప్పులుగా వెళ్లిపోయాయి. నేను మందంగా మిగిలాను కాబట్టి నన్ను గుర్రబ్బండి ఎక్కించి హెండ్రెకి పంపారు.

ఇక్కడ వంటింటి పక్కన, ఎండ పొడ తగలని చల్లటి గదిలో నన్ను పరిచారు. చలికాలం మొదట్లో పందిని కోసి, ఆ మాంసాన్ని నా మీద పరిచి, దోసిళ్లతో ఉప్పు తీసుకుని రుద్దేవారు. ఎన్ని పందులో, ఎన్ని చలికాలాలో నేను లెక్క పెట్టలేదు. ఆ ఉప్పు నా లోపలికి ఎంతగా ఇంకిందంటే, ఇప్పటికీ వానకు ముందు నా ఒంటికి చెమట పోస్తుంది. ఆ రైతులు ఆదివారం పూట దేవుడి పాటలు నాలుగు గొంతుల్లో వంతులేసుకుని పాడేవారు, సోమవారం నుంచి గొర్రెల సరిహద్దుల కోసం పక్కవాణ్ణి నానా తిట్లూ తిట్టేవారు. గొప్పవాళ్లని చెప్పను. కానీ నన్ను పనికొచ్చే వస్తువుగా వాడుకున్నారు.

వాళ్లలో ఆఖరివాడు పోయాక ఇల్లు చాన్నాళ్లు పాడుబడి, చివరికి లండన్ పెద్దమనిషి ఒకాయన కొన్నాడు. 'చారిత్రక వ్యవసాయ గృహం' అని బోర్డు రాయించాడు. ఆ పని పూర్తి చెయ్యడానికి ముందుగా ఇంట్లో ఉన్న పాత వస్తువులన్నీ పారేసి, తర్వాత దుకాణాల్లో పాత వస్తువులు కొనుక్కొచ్చి పెట్టాడు. ఫ్రిజ్జుకి చోటు కావాలని నన్ను బయటికి ఈడ్చి, వెనక గుమ్మం పక్కన, వంటింటి కిటికీ కింద రెండు గుండ్రాళ్ల మీద ఎక్కించాడు. అప్పట్నుంచి వారం వారం అతిథులు. వీళ్లు కొండ చూడడానికి వస్తారు, కొండకి వీపు పెట్టి ఫొటో తీసుకుంటారు. వానల దేశానికి వచ్చి వాన పడుతోందని అలుగుతారు. గొర్రెలు అరుస్తున్నాయని ఫిర్యాదు చేస్తారు. నా మీద తడి మేజోళ్లు ఆరేస్తారు, వైను గ్లాసులు పెడతారు, తొడలు ఆనించి కూర్చుని ఆహా ఎంత ప్రశాంతం అని ఫోన్లో అందరికీ అరిచి చెబుతారు. ఈ స్థలం మొత్తంలో ఫోన్ సిగ్నల్ అందేది నా దగ్గరే. అందుకని మనుషులు దాచుకోవాల్సిన మాటలన్నీ నేను వినాల్సి వస్తోంది.

ఈస్టర్ సెలవుల్లో స్విండన్ నుంచి వచ్చిన ఆ కారులో నలుగురున్నారు. నడిపినవాడు దక్షిణామూర్తి, కంప్యూటర్ ఉద్యోగి. ఏ చోటికైనా ముందే చదువుకుని వచ్చి పక్కవాళ్లకి ఒప్పజెప్పే రకం. భార్య హైమవతి మందుల షాపులో ఫార్మసిస్టు, మాట తక్కువ. కూతురు యామిని కాలేజీలో చేరబోయే వయసు పిల్ల, చెవుల్లోంచి తీగలు లేని బిరడాలు తీసేది స్నానానికే. నాలుగో మనిషి మూర్తి తల్లి మాణిక్యాంబ. కోనసీమ ఆవిడ. భర్త పోయాక కొడుకు దగ్గరే ఉంటోంది. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద కొడుకు కోటు, కాళ్లకి మేజోళ్లు వేసి వాటి మీద చెప్పులు.

కొండ చూడడానికి వచ్చినవాళ్లు వంటిల్లు మోసుకొచ్చారు. రైస్ కుక్కరు, మిక్సీ, మూకుడు, బియ్యం, మినప్పప్పు, ఆవకాయ, మాగాయ, రెండు రకాల పొడులు. అవన్నీ దింపేలోపు మూర్తి ఇంటి చరిత్ర మొదలుపెట్టాడు. "అమ్మా, ఈ గోడలు చూడు ఎంత మందమో. అప్పట్లో గుమ్మాలు కావాలనే పొట్టిగా కట్టేవారు, చలిగాలి రాకుండా" అంటూ అదే గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. ఆ వారం రోజులూ రోజూ కొట్టుకున్నాడు. చదువు తలకెక్కిందంటారు కదా, అతనికి ఎక్కిన చోట ఖాళీ లేక గుమ్మం గుర్తు ఉండలేదు.

తాళాలు ఇవ్వడానికి వచ్చినవాడు హెవిన్. పక్క పొలం అతనిదే, గొర్రెలు కాస్తాడు, లండన్ పెద్దమనిషి తరఫున ఇల్లు కనిపెట్టుకుని ఉంటాడు. ఎప్పుడూ అదే నల్లకోటు. అతిథుల్ని చూసే చూపులో అతనికీ నాకూ పెద్ద తేడా లేదు. హైమకి బాయిలరు, చెత్తబుట్టలు చూపించి, నా దగ్గరికొచ్చి అరచేత్తో ఒక చరుపు చరిచాడు.

"ఇది పందుల్ని ఉప్పులో ఊరేసిన బండ. తడిగా కనిపిస్తే తుడవకండి. వాన వస్తోందని అర్థం."

హైమ గబుక్కున వెనక్కి చూసింది. అత్తగారు దూరంగా ఉంది, పైగా ఇంగ్లీషు అంత రాదు. హైమ ఆ మాట మింగేసింది.

మాణిక్యాంబ నిజానికి ఆకాశం వైపు చూస్తోంది. కొండవాలు మీద కాకులు తిరుగుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, గుంపు.

"హైమా! చూశావుటే ఎన్ని కాకులో! స్విండన్లో కాకి దిగేలోపే ఆ తెల్లటి సముద్రపు పక్షులొచ్చి పడి ఎత్తుకుపోతాయి. ఇక్కడ చూడు, అచ్చం మన కాకులే."

కాకుల్ని చూసి ముఖం అంత విప్పారిన అతిథిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆ సంతోషం వెనకాల ఉన్న కథ ఆ సాయంత్రమే, ఆవిడ సిగ్నల్ కోసం నా పక్కకొచ్చి ఇండియాలో ఉన్న ఆడపడుచుతో మాట్లాడుతున్నప్పుడు నాకు తెలిసింది. మాణిక్యాంబ భర్త నరహరిగారు హెడ్మాస్టరు. గారెలంటే ప్రాణం. గుండె జబ్బు వచ్చాక డాక్టరు నూనె వస్తువులు మానిపించాడు. పోయిన రోజు పొద్దున, పక్కింట్లో గారెలు వేస్తున్న వాసనొచ్చి, ఒక్క గారె వేసిపెట్టమని అడిగారట. ఈవిడ కసిరి, జావ పెట్టింది. మధ్యాహ్నం నిద్రపోయిన మనిషి మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి ప్రతి తద్దినానికీ పిండం పక్కన గారెలు పెట్టి ఎదురుచూస్తూనే ఉంది. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్లు తిన్నట్టు లెక్క. ఒక్క ఏడూ కాకి ముట్టలేదు. మొదటి ఏడాది ఊళ్లో కుక్క లాక్కుపోయింది, తర్వాత స్విండన్లో ఆ తెల్లపక్షులు.

"ఆయన ఇంకా అలక తీరలేదు వదినా" అంది ఫోన్లో. "కడుపు కాల్చి పంపించాను. ఎందుకు ముడతారు?"

చచ్చిపోయిన హెడ్మాస్టరు కాకిలో దూరి గారె మీద అలగడమా! నేను నవ్వగలిగితే నవ్వేదాన్ని. గోదావరి ఒడ్డున పోయిన మనిషి వేల్స్ కాకిని వెతుక్కుంటూ రావాలట, దానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదట.

అప్పుడే అవతల్నుంచి ఆడపడుచు అంది. "అదేవిటి వదినా, రేపే కదా అన్నయ్య తిథి. మీరు కొండల్లో ఉన్నామంటారేవిటి?"

పెరట్లోకి పిలుపులు మొదలయ్యాయి. మూర్తి తల వంచడం మరిచిపోయి గుమ్మానికి కొట్టుకుని నుదురు రుద్దుకుంటూ వచ్చాడు. జరిగిందేమిటంటే, తండ్రి తిథిని అతను ఇంగ్లీషు తేదీ ప్రకారం ఫోన్లో ఎక్కించుకుని, ఏటా ఆ రోజున మోగేలా పెట్టుకున్నాడు. మోగేలోపు ఇంటికి చేరిపోతాం కదా అనుకున్నాడు. చంద్రుడి లెక్కలో నడిచే తిథి ఏ ఏటికి ఆ ఏడు ముందుకీ వెనక్కీ జరుగుతుందన్న సంగతి వాళ్లమ్మ చదువుకోకుండానే ఎరుగును. పంచాంగం తీసుకు వస్తానంటే, "అన్నీ ఫోన్లో ఉన్నాయమ్మా, బరువెందుకు" అని ఇంట్లో పెట్టించింది ఇతనే. మిక్సీ బరువు కాలేదు, పంచాంగం బరువైంది.

"అమ్మా, ఏం పర్లేదు. తిథి తప్పితే అమావాస్యకి పెట్టుకోవచ్చుట. నెట్‌లో ఉంది. స్విండన్ వెళ్లాక చేద్దాం."

"తిథి తప్పడానికి ఇక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోలేదుట్రా? పప్పుంది, బియ్యం ఉన్నాయి. నువ్వున్నావు. కాకులున్నాయి. ఇక్కడే పెట్టు."

"ఇది అద్దె ఇల్లమ్మా. సెలవులకి వచ్చాం."

"తద్దినం నీ సెలవులు చూసుకుని రాదు నాయనా."

ఆవిడ పప్పు నానబెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. మూర్తి బర్మింగ్‌హామ్ పంతులుగారికి నా పక్క నిలబడి ఫోన్ చేశాడు. భోక్తలు, అంటే పితృదేవతల బదులు కూర్చుని భోంచేసేవాళ్లు, అంత దూరంలో దొరకరు కాబట్టి ఆ సంగతి తర్వాత గుళ్లో చూసుకుందామనీ, పిండప్రదానం మటుకు వీడియోలో చేయిస్తాననీ ఆయన అన్నాడు. మూర్తి ముఖంలో ఊరట చూడాలి. ఆఫీసు మీటింగు రద్దయినప్పుడు కూడా ఇంత హాయిగా ఎవరూ ఊపిరి వదలరు.

మర్నాడు పొద్దున యామిని పెరట్లోకి వచ్చి కెవ్వుమంది. పెరటి కంచె తీగకి రెండు చచ్చిన కాకులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆ పని ఎవరిదో నాకు తెలుసు, చాలా ఏళ్లుగా చూస్తున్నదే. గొర్రెలు ఈనే కాలం అది. హెవిన్ కంచె అవతల ఒక ఈనిన గొర్రెని తోలుకెళ్తూ ఆగాడు.

"ఇది చాలా క్రూరం!" అంది పిల్ల.

"గొర్రెపిల్ల పూర్తిగా బయటపడక ముందే కళ్లు పొడుచుకు తింటాయి. అది చూశాక క్రూరం గురించి మాట్లాడదాం" అన్నాడతను. "చచ్చిన వాటిని చూస్తే బతికినవి ఈ చుట్టుపక్కలకి రావు."

మాణిక్యాంబకి ఆ ఇంగ్లీషు అర్థం కాకపోయినా కాళ్లకి కట్టిన పురికొస అర్థమైంది. "కాకిని చంపాడా! వీడి చేతులు పడిపోనూ! పితృదేవతలు వచ్చే రోజున గుమ్మంలో శవాలు వేలాడదీశాడా కసాయివాడు!" అని ఆగకుండా తిట్టింది. హెవిన్ టోపీ సర్దుకుని, వాతావరణం గురించి ఏదో అంటోంది కాబోలనుకుని, తల ఊపి వెళ్లిపోయాడు. కాకుల్ని విప్పెయ్యమని మూర్తిని అడిగితే, ఆస్తి అతనిది, కంచె అతనిది, ఇక్కడి చట్టాలు వేరు అని మూర్తి నసిగాడు.

ఇక ఆ రోజు తమాషా చెబుతాను. మాణిక్యాంబ చన్నీళ్లు పోసుకుంది. రాత్రి తడిపి ఆరేసిన మడిచీర వేల్స్ గాలికి ఆరుతుందా? ఇంకాస్త తడిసింది. ఆ తడి చీరే కట్టుకుని వంటింట్లో నిలబడింది. ఎవరూ తాకకూడదు. మినప్పప్పు రుబ్బడానికి మిక్సీ వేస్తే చారిత్రక గృహంలో కరెంటు పోయింది, దాంతో వెచ్చదనమూ పోయింది. మూర్తి ఫ్యూజు పెట్టె కోసం ఇల్లంతా వెతికి, ఆ పెట్టె ఏ శతాబ్దానిదో చదివి చెప్పాడు. హైమ నోరు మెదపకుండా వెళ్లి మీట పైకి తోసింది.

పిండం ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. కాస్త ఎత్తుగా, ఆకాశం కనిపించేలా, శుభ్రంగా ఉండాలంది మాణిక్యాంబ. వెనక గుమ్మంలోంచి నన్ను చూసింది. "ఇదిగో, ఈ బండ ఉంది. నల్లగా సాలగ్రామంలా ఎంత బావుందో! దేవుడే ఇచ్చాడు."

హైమ వేడినీళ్లు, పసుపు తెచ్చి నన్ను కడిగింది. రెండుసార్లు కడిగింది. మూడోసారి ఇంకా గట్టిగా రుద్దింది.

"చాల్లేవే, రాయి అరిగిపోతుంది. శుభ్రంగానే ఉంది కదా?"

"శుభ్రంగానే ఉందత్తయ్యగారూ" అంది హైమ, నా వైపే చూస్తూ.

తరాల పందుల ఉప్పు ఒంట్లో పెట్టుకుని పసుపు నీళ్లతో అభిషేకం చేయించుకున్నాను. అబద్ధం చెప్పిన ఆ కోడలు తప్ప, ఆ ఇంట్లో నాకు కాస్త నచ్చిన మనిషి లేదు.

ఫోన్ని ఆవకాయ సీసాకి ఆనించి మూర్తి తంతు పూర్తి చేశాడు. సిగ్నల్ తెగినప్పుడల్లా పంతులుగారి నోరు తెరిచినట్టే ఆగిపోయేది, ఇతనూ చెయ్యి గాల్లో ఆపేసి కూర్చునేవాడు. గోత్రం దగ్గర ఒకసారి, తాతగారి పేరు దగ్గర ఒకసారి తడబడ్డాడు. రెండుసార్లూ లోపల్నుంచి తల్లే అందించింది. చివరికి కాగితపు విస్తరిలో అన్నం ముద్ద, నువ్వులు, పక్కన పొగలు కక్కుతున్న గారెలు తెచ్చి నా మీద పెట్టారు.

అందరూ గుమ్మంలోకి తప్పుకుని నిలబడ్డారు. కొండవాలు నుంచి కాకులు లేచాయి. ఒకటి ఇటే వచ్చింది. మాణిక్యాంబ ఊపిరి బిగపట్టింది. ఆ కాకి పెరటి దాకా వచ్చి, కంచె మీద వేలాడుతున్న తన వాళ్లని చూసి, చటుక్కున తిరిగిపోయింది. దానికి బుద్ధుంది.

"కా... కా... రండి, రండి" అని పిలిచింది ఆవిడ. ముందు గట్టిగా పిలిచింది. తర్వాత నెమ్మదిగా, పేరు పెట్టి పిలవకూడని మనిషిని పిలిచినట్టు, "ఏవండీ" అంది. "గారెలు పెట్టానండీ. నేనే వేశాను. వచ్చి తినండి."

గాలి వీస్తోంది. గారెల మీది పొగ ఆగిపోయింది. తడిచీరలో ఆవిడ వణుకుతూ నిలబడే ఉంది. కాకి ముట్టకుండా మెతుకు ముట్టనని చెప్పింది. లోపలికి రమ్మంటే రాలేదు, శాలువా కప్పబోతే మడి అంది. పోయిన ఏడాది ఇలాగే ఎదురుచూసి, ఏమీ తినకుండా పడుకుని, మర్నాడు కళ్లు తిరిగి పడిపోయిందని హైమ భర్తని గుర్తు చేసింది. కర్తగా తనూ ఉపవాసం ఉండాల్సిన దక్షిణామూర్తి, కారులో ఏదో మరిచిపోయానని వెళ్లి, వెనక సీట్లో వంగి కూర్చుని చిప్సు ప్యాకెట్టు ఖాళీ చేశాడు. తర్వాత మూతి తుడుచుకుని వచ్చి, "అమ్మా, ఓపిక పట్టాలి" అని తల్లికి ధైర్యం చెప్పాడు.

ఆ ఇంట్లో నిజంగా ఏదో ఒకటి చేద్దామనుకుంది యామిని ఒక్కతే. చేసింది మాత్రం తెలివితక్కువ పని. ఫోన్లో కాకుల అరుపులు వెతికి, నల్లటి స్పీకరు తెచ్చి నా మీద పెట్టి, గొంతు పూర్తిగా పెంచింది. వంద కాకులు ఒక్కసారిగా అరిచాయి. లోయ మారుమోగింది.

కాకులు రాలేదు. తుపాకీ పట్టుకుని హెవిన్ వచ్చాడు.

తన గొర్రెల మీద కాకుల గుంపు పడిందనుకుని పై పొలం నుంచి పరిగెత్తుకొచ్చాడు. కోటు చేతుల నిండా నెత్తురు, మోకాళ్ల దాకా బురద. పెరట్లో ఒక్క కాకీ లేదు. నా మీద అరుస్తున్న డబ్బా, చుట్టూ ఈ నలుగురు.

"మీకు పిచ్చా?" అన్నాడు. "అక్కడ ఒక గొర్రె చస్తోంది. పిల్ల అడ్డం తిరిగి ఇరుక్కుంది. చెయ్యి లోపల పెట్టి తిప్పుతున్నవాణ్ణి వదిలేసి వచ్చాను. మీరు ఆటలాడుతున్నారా?"

యామిని స్పీకరు ఆపేసింది. మూర్తి క్షమించమని మొదలుపెట్టి, ఇది మా సంప్రదాయంలో ఒక రకమైన స్మారక దినం అంటూ విడమరచి చెబుతున్నాడు. హెవిన్ వినడం లేదు. నా మీది విస్తరి వైపు చూస్తున్నాడు. తుపాకీ గోడకి ఆనించాడు. చెయ్యి కోటుకి తుడుచుకుని, అన్నం ముద్ద పక్కనున్న గారె తీసుకుని కొరికాడు.

"అయ్యో! అయ్యయ్యో! పిండం దగ్గర!" అని మాణిక్యాంబ అరిచింది.

"సార్, అది తినేది కాదు. అంటే తినేదే, కానీ మీరు కాదు..." అని మూర్తి.

హెవిన్ నమిలే పని ఆపలేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి తీసుకున్నాడు. అతనికి ఇందులో తప్పేమీ తోచలేదు. ఎందుకు తోచలేదో నాకు తెలుసు. ఈ లోయలో గొర్రెలు ఈనే కాలంలో ఏ ఇంటి బండ మీద తిండి కనిపించినా, కొండ దిగివచ్చినవాడు ఎవరినీ అడగక్కర్లేదు, తినెయ్యొచ్చు. అడిగితే ఆ ఇంటివాళ్లని అవమానించినట్టు. రొట్టె, వెన్న, ఉప్పు మాంసం నా మీద మూత పెట్టి ఉంచేవారు.

"మా అమ్మమ్మ ఈ ఇంట్లోనే పనిచేసేది" అన్నాడు హెవిన్, నోటి నిండా గారెతో, మొదటిసారి మామూలు గొంతుతో. "ఈ బండ మీదే పెట్టేది. ఇల్లు పాడుబడ్డాక ఎవరూ పెట్టలేదు. నిన్న పొద్దున తిన్నాను, మళ్లీ ఇదే."

యామిని ఆ మాటలు ఒక్కొక్కటే బామ్మకి తెలుగులో చెప్పింది. మాణిక్యాంబ అతను తినడం చూస్తోంది. నేనూ చూశాను. నన్ను పెరట్లోకి ఈడ్చినప్పట్నుంచి నా మీద తిన్నవాళ్లు చాలామంది. ఫొటో తీసుకుని తిన్నారు, వద్దంటూ తిన్నారు, ఎక్కువైందని పారేశారు. ఆకలితో తిన్నది మాత్రం ఇతనొక్కడే. కళ్లు మూసుకుపోతున్నాయి. విస్తట్లో ఉన్న గారెలన్నీ అయిపోయాయి. నువ్వుల అన్నం ముద్దని మాత్రం అతను ముట్టుకోలేదు.

మాణిక్యాంబ గుమ్మం దిగి వచ్చింది. తద్దినంలో భోక్త తినడం అయ్యాక కర్త అడగాల్సిన ప్రశ్న ఒకటుంటుందట. అది మూర్తి అడగలేదు, అడగడానికి భోక్త లేడు. ఆవిడ అడిగింది.

"తృప్తయిందా నాయనా?"

"కడుపు నిండిందా అని అడుగుతోంది" అంది యామిని.

ఇలాంటి చోట మర్యాదస్తుడైన అతిథి అబద్ధం చెబుతాడు. హెవిన్‌కి అంత నాగరికత లేదు. "లేదు" అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లింది. మూకుట్లో నూనె మళ్లీ కాగిన చప్పుడు, పిండి పడిన చప్పుడు కిటికీలోంచి వినిపించింది. హెవిన్ కొండ వైపు చూశాడు, వెళ్లబోయాడు, ఆ వాసనకి ఆగాడు. గారెలు తీసుకుని ఆవిడ బయటికి వచ్చి, నెత్తురూ బురదా అంటిన అతని చేతిలో తన చేత్తో పెట్టింది. మడి అప్పుడే మంటగలిసింది. ఆవిడకి ఆ ధ్యాస ఉన్నట్టు లేదు. వేడికి చేతులు మార్చుకుంటూ అతను తింటున్నంతసేపూ అక్కడే నిలబడి, కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా చూసింది.

"నూనె వద్దన్నాడు డాక్టరు" అంది, అతనితోనే, తెలుగులోనే. "ఇంక ఏ డాక్టరు మాటా వినను. తిను."

ఈసారి ఆవిడ అడక్కముందే అతను చెప్పాడు. పొట్ట మీద చెయ్యి వేసి, చాలని తల ఊపాడు. తుపాకీ తీసుకుని, మిగిలిన రెండు గారెలు కోటు జేబులో వేసుకుని, తన గొర్రె దగ్గరికి పరుగున కొండ ఎక్కాడు. ధన్యవాదాలు చెప్పలేదు. ఆ ఆచారంలో ఆ మాట లేదు.

మాణిక్యాంబ నా మీద కూర్చుంది. "హైమా, ఆకలేస్తోందే. వడ్డించు."

దక్షిణామూర్తికి సందేహం వచ్చింది. రాకపోతే అతను దక్షిణామూర్తి కాదు. "అమ్మా, కాకి ఇంకా ముట్టలేదు కదా. పిండం అలాగే ఉంది. పంతులుగారిని ఒకసారి..."

"నోర్ముయ్యి" అంది ఆవిడ, కోపం లేకుండా. "భోక్త వచ్చాడు, అడిగి మరీ తిన్నాడు. మీ నాన్న అలక తీరింది. నీ కడుపులో చిప్సున్నాయి, నువ్వు ఆగగలవు. నేను ఆగలేను."

హైమ ఇంకో విస్తరి తెచ్చి నా మీద వేసింది. పప్పు, కూర, గారెలు, పెరుగు. నా ఒంటికి అప్పుడే చెమట పడుతోంది, వాన వస్తుంది. మనుషుల మీద నా అభిప్రాయం మారిందని అనుకోకండి. ఇవాళ కాకపోతే రేపు ఇంకో కారు వస్తుంది, ఇంకో మూర్తి గుమ్మానికి తల కొట్టుకుంటాడు. కానీ ఆ పూట ఆవిడ మొదటి ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నప్పుడు, వెటకారంగా అనడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

పై పొలంలో తుపాకీ పేలింది. గొర్రె ఈని ఉంటుంది, పిల్ల మీదికి కాకి దిగి ఉంటుంది. మూర్తి ఉలిక్కిపడి తల్లి ముఖంలోకి చూశాడు. మాణిక్యాంబ తలెత్తలేదు. గారె పెరుగులో ముంచుకుని తింటోంది.